తుండు కింది ధర

చిత్తూరు కల్యాణమండపంలో ఆ రోజు పెళ్లి లేదు. చట్టం ఉంది.

వధూవరులు కూర్చునే ఎర్ర కుర్చీలను గోడకు నెట్టి, వాటి ముందు పొడుగాటి బల్ల వేశారు. బల్ల వెనక ఐదుగురు శాసనసభ్యులు. వాళ్ల తలల మీద బట్ట బ్యానరు: ‘మార్కెట్ చట్టం సవరణపై వర్తకులు, ప్రజాసంఘాలు, శాసనసభ్యుల ముఖాముఖి’. అది 2004 ఆగస్టు నెల. హాలు అద్దె ఎవరు కట్టారని గేటు దగ్గర అడిగాను. మామిడి మండీల వర్తకుల సంఘం కట్టిందట. మధ్యాహ్నం భోజనం కూడా వాళ్లదేనట. వడ, పాయసం ఉన్నాయట. ఎవరిని అదుపు చేయడానికి చట్టం చేస్తున్నారో వాళ్ల పంక్తిలోనే విస్తరి వేయించుకుంటున్నారు చట్టం చేసేవాళ్లు.

నాకు ఆ చట్టంలో కావలసింది ఒక్కటే, పద్నాలుగో క్లాజు. ‘సరుకు ధరను కొనువారును అమ్మువారును అందరికీ వినిపించునట్లు నోటితో పలుకవలెను. గుడ్డ చాటున చేతులతో బేరము చేయుట శిక్షార్హము.’ రెండే వాక్యాలు. చంద్రకాంతమ్మ టీచరు వాటిని నాకు మూడుసార్లు చదివి వినిపించింది. ఆమె బడిపని మానుకున్నాక రైతు మహిళల సంఘం పెట్టి ఊరూరా తిరిగే మనిషి. ఈ రెండు వాక్యాలు ముసాయిదాలోకి రావడానికి నాలుగేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగింది. ఇప్పుడు వర్తకులు వాటిని తీసేయమంటున్నారు. తీయాలా, ఉంచాలా అని తేల్చడానికే ఈ కమిటీ వచ్చింది.

మండీ సంగతి తెలియనివాళ్ల కోసం చెప్తాను. మా రాళ్లమిట్ట మండీలో ధర నోటితో చెప్పరు. కొనేవాడు, అమ్మేవాడు చేతులు కలుపుతారు. పైన తుండుగుడ్డ కప్పుతారు. ఐదు వేళ్లూ కలిపి పట్టుకుంటే కిలో ఐదు రూపాయలు. వదిలి మళ్లీ ఒక వేలు పట్టుకుంటే ఆరు. ఇష్టం లేనివాడు ఎదుటివాడి వేలు మడిచి వెనక్కి నెడతాడు. చుట్టూ వందమంది నిలబడినా ధర ఆ ఇద్దరికే తెలుస్తుంది. బేరం ముగిశాక గుమాస్తా చీటీ రాస్తాడు. చీటీలో ఏది రాస్తే అదే ధర. తుండు కింద జరిగింది బయటపెట్టిన వాడి సరుకు మళ్లీ ఎవరూ ముట్టుకోరు.

ఆడదాని చెయ్యి ఆ తుండు కిందికి పోదు. పరాయి మగవాడి చేతిలో చెయ్యి పెట్టి వేళ్లు నొక్కించుకునే ఆడది మా పక్క ఇంకా పుట్టలేదు. తోట ఆమెదే కావచ్చు, మొక్కకు బిందెలతో నీళ్లు మోసింది ఆమే కావచ్చు. మండీలో మాత్రం ఒక మగవాడి చెయ్యి అరువు తెచ్చుకోవాలి.

2002 జూలైలో నా భార్య గంగులమ్మ అట్లా అరువు తెచ్చుకుంది. నేను కొమ్మ విరిగి కింద పడి, కాలికి కట్టుతో మంచంలో ఉన్నాను. రెండు ట్రాక్టర్ల బెంగళూర మామిడికాయ కోసి పెట్టి ఉంది. ఆమె లోడుతో మండీకి పోయింది. చెయ్యి ఇచ్చింది ఆమె తమ్ముడు చిన్నబ్బ. ఆ చెయ్యి పట్టింది మండీ యజమాని, అందరూ మొదలాళీ అని పిలిచే ఏకాంబరం. ఆమె మూడడుగుల దూరంలో నిలబడి, కదిలే గుడ్డను చూసింది. ఇంటికి తెచ్చిన చీటీలో కిలో నాలుగు రూపాయలు.

ఆ వారం పక్క ఊరివాళ్లకు ఆరు పడింది. “తోటను తగలబెట్టి వచ్చినావు” అన్నాను. “గుడ్డ కింద వాళ్లేం చెప్పుకున్నారో నాకేం తెల్సు?” అంది ఆమె. ఆ మాట నేను పట్టించుకోలేదు. ఆరు నెలలు ఆ నాలుగు రూపాయల గురించే ఎత్తిపొడిచాను, అన్నం పెట్టేటప్పుడు కూడా. జనవరిలో ఆమె కామెర్లు వచ్చి చనిపోయింది. పదకొండో రోజు చిన్నబ్బ తాగి వచ్చి నా వాకిట్లో కూలబడి చెప్పాడు. తుండు కింద కుదిరింది ఆరు. చీటీలో నాలుగు రాయించారు. తేడాలో కొంత ఏకాంబరం వాడి జేబులో పెట్టాడు.

ఆ తర్వాత వాణ్ని నా గడప తొక్కనివ్వలేదు.

ఈ సభకు సాక్షి కావాలని టీచరమ్మ అన్నప్పుడు, చిన్నబ్బ తప్ప ఇంకొకడు లేడని నాకు తెలుసు. తుండు కింద ఉన్నవి రెండే చేతులు. ఒకటి ఏకాంబరానిది. నేనే వాడి ఇంటికి పోయి, వీధిలో నిలబడి పిలిచాను. మరునాడు ఇద్దరం ఒకే బస్సులో చిత్తూరు వచ్చాం.

“బావా, ఒక సోడా తాగుదామా?” అన్నాడు బస్సు ఆగిన చోట.

“వద్దు.”

“చెప్తాలే బావా. అంతా చెప్తా. అక్క మీద ఒట్టు.”

“ఆమె మీద ఒట్టు పెట్టొద్దు. నీ బిడ్డల మీద పెట్టుకో.”

వాడు పెట్టుకోలేదు. నాకు అప్పుడే అర్థం కావలసింది.

కమిటీ అధ్యక్షుడు జయచంద్ర తెల్ల చొక్కా మనిషి. మెత్తగా మాట్లాడతాడు. మైకు తీసుకుని, “నేను లాయర్ని. మామిడికాయ తినడం తప్ప నాకేమీ తెలీదప్పా. ఈ తుండు బేరం అనేది పేపర్లో చదివినానే గానీ ఇంతవరకూ కంటితో చూళ్లేదు. అందరి మాటా ఇంటాను. మీరు చెప్పేదాన్ని బట్టే క్లాజు” అన్నాడు. హాలు నవ్వింది.

ముందు గుజ్జు ఫ్యాక్టరీల తరఫున టై కట్టిన మేనేజరు లేచాడు. ధర నోటితో చెప్పినా, వేలితో చెప్పినా వాళ్లకు ఒకటేనట. మార్కెట్ సెస్సు ఎత్తేసి, తోటల్లోకే వచ్చి కొనుక్కోనిస్తే చాలట. ఈ మాట చెప్పడానికి అరగంట తీసుకున్నాడు.

తర్వాత ఏకాంబరం. వర్తకుల సంఘానికి అతనే అధ్యక్షుడు. నుదుట మూడు వేళ్ల విభూతి, భుజాన జరీ అంచు తుండు.

“సార్, ఈ తుండు రైతు మానం కాపాడేది. నీ కాయ మూడుకి పోయింది, పక్కోడిది ఐదుకి పోయింది అని అరిస్తే ఆ రైతు తలెత్తుకోని ఊర్లోకి పోగలడా? అప్పులోళ్లు మండీ గేటు కాడే కాసుకోని ఉంటారు. ఇది గుట్టు సార్. మా తాతల నాటి నుంచి నమ్మకం మీద నడస్తాండాది. నమ్మకాన్ని చట్టం పెట్టి సంపొద్దండి.”

చప్పట్లు కొట్టినవాళ్లలో రైతులూ ఉన్నారు. వాళ్ల తోటల మీద వచ్చే ఏడాదికి అడ్వాన్సు ఇచ్చేది అతనే మరి. వాళ్ల మొహాలు గుర్తు పెట్టుకున్నాను.

చంద్రకాంతమ్మ లేచింది. కాగితం చూడలేదు.

“మొదలాళీ, రైతు మానం అంటాండారు మీరు. రైతంటే మగోడేనా? మా సంఘంలో నూట డెబ్భై మంది ఆడోళ్లు సొంతంగా తోటలు చేస్తాండారు. వాళ్ల కాయకి ధరెంతో వాళ్లకి తెలీదు. ఇంకెవరో వచ్చి చెప్పాల. ఆ చెప్పేవాడు నిజం చెప్తే సంతోషం, చెప్పకపోతే వీళ్ల కర్మ. ఇదెక్కడి నమ్మకం?”

“ఆడోళ్లు చెయ్యి పెట్టొద్దని మేమేమన్నా అన్నామా టీచరమ్మా?” అన్నాడు ఏకాంబరం. “రమ్మనండి. చెయ్యి పట్టుకునేదానికి మా వర్తకులంతా సిద్ధంగా ఉండారు.”

హాలంతా పగలబడి నవ్వారు. బల్ల వెనక ఉన్న ఐదుగురిలో నలుగురు నవ్వారు.

“సరే మొదలాళీ. రేపు మీ ఇంటామెను పంపించండి. ముందు ఆయమ్మ ఎవరి చేతిలో చెయ్యి పెడతాదో చూసి, ఆమె వెనకాల మేం పెడతాం.”

నవ్వు తెగిపోయింది. ఏకాంబరం విభూతి కింద నుదురు ఎర్రబడింది. “ఇంట్లో ఆడోళ్ల మాట ఎత్తొద్దమ్మా, మర్యాదగా ఉండదు” అన్నాడు.

“నేనూ అదే చెప్తాండాను. మీ ఇంట్లో ఆమెకు ఉండే మర్యాద మా ఆడోళ్లకు గూడా ఉండాది.”

జయచంద్ర చెయ్యెత్తి ఇద్దరినీ ఆపాడు. “అమ్మా, మాటలు బాగుండాయి. కమిటీకి కావాల్సింది ఆధారం. తుండు కింద ఒక ధర, చీటీలో ఇంకో ధర అని మీ కాగితంలో రాసినారు. అట్ల జరిగినట్టు సాక్షి ఉండాడా?”

“ఉండాడు” అని ఆమె చిన్నబ్బను పిలిచింది.

వాడు లేచాడు. మైకు చేతికి ఇచ్చారు. వాడి కళ్లు బల్ల వైపు పోలేదు, నా వైపు రాలేదు. నేరుగా ఏకాంబరం దగ్గరికి పోయి ఆగాయి.  అతను తన జరీ తుండు సర్దుకున్నాడు, అంతే.

“చెప్పప్పా. 2002లో మీ అక్క లోడుకి నువ్వే చెయ్యి ఇచ్చినావంట గదా. ఎంతకి కుదిరింది?” అన్నాడు జయచంద్ర.

“సార్... తుండు కింద జరిగింది బయట చెప్పగూడదు సార్. అది మండీ కట్టు.”

“ఈడ మండీ లేదు. శాసనసభ కమిటీ ఉండాది. చెప్పు.”

“గుర్తు లేదు సార్.”

నేను లేచాను. “రేయ్ చిన్నబ్బా! నా వాకిట్లో కూలబడి చెప్పినావు గదరా!”

“తాగి ఏం చెప్పినానో బావా. తాగినోడి మాట పట్టుకోని చిత్తూరు దాకా తెచ్చినావే.”

మళ్లీ నవ్వు. ఈసారి రైతులే ఎక్కువ నవ్వారు. వాడూ నవ్వబోయి, నా మొహం చూసి మానుకున్నాడు. నా చేతిలో కొడవలి లేకపోవడం ఆ రోజు వాడి అదృష్టం.

జయచంద్ర పక్కనున్న స్టెనో వైపు తిరిగాడు. “రాసుకోండి. పద్నాలుగో క్లాజుకు సంబంధించి సాక్షి ఏ వివరమూ చెప్పలేదు. ఆధారం లభించలేదు.” తర్వాత మా వైపు చూసి, “చట్టం అంటే ఊహల మీద చేసేది కాదప్పా” అన్నాడు.

చిన్నబ్బ భుజం మీది తుండు లాక్కుని నేను వేదిక మెట్లెక్కాను. ఎవరో కానిస్టేబులు అడ్డం వచ్చాడు. అతన్ని దాటుకుని బల్ల దగ్గరికి పోయాను.

“సార్, మీరు తుండు బేరం కంటితో చూళ్లేదన్నారు గదా. చూపిస్తాను. చెయ్యి ఇట్ల ఇయ్యండి.”

పేపరువాళ్లు కెమెరాలు పట్టుకుని ముందుకు వచ్చారు. అది చూసి ఆయన నవ్వుతూ చెయ్యి చాపాడు. “తప్పకుండా. రైతు నేర్పిస్తే నేర్చుకోవాల్సిందే” అన్నాడు.

తుండు కప్పాను. నాకున్న ఆలోచన ఒక్కటే. ఈయన వేళ్లు నొక్కుతాను. ఆయనకు ఏమీ అర్థం కాదు. ‘చూసినారా సార్, తెలియని మనిషిని ఇట్లా మోసం చేస్తారు’ అని హాలుకంతా చెప్తాను. తెలియని చెయ్యి ఎట్లా ఉంటుందో మండీకి పోయే ఎవరినడిగినా చెప్తారు. అది చెమట పట్టి, కట్టెలా బిగుసుకుపోతుంది.

ఐదు వేళ్లూ పట్టుకున్నాను. వదిలి మళ్లీ ఒక వేలు పట్టుకున్నాను. ఆరు.

ఆయన చెయ్యి బిగుసుకోలేదు. నా వేలు మడిచి వెనక్కి నెట్టింది. ఇంకో వేలు మడిచింది. నా నాలుగు వేళ్లు కలిపి పట్టుకుని ఆగింది. పట్టుకుని ఊరుకోలేదు. బొటనవేలిని నా మణికట్టు మీద, నాడి కొట్టుకునే చోట ఆనించింది. ఎదుటివాడు తగ్గుతాడా, తగ్గడా అని నాడి చూసేది ఇరవై ఏళ్లు మండీ గద్దె మీద కూర్చున్నవాడు చేసే పని. పైన మొహం కెమెరాల వైపు నవ్వుతూనే ఉంది. కింద చెయ్యి ఆ మొహాన్ని అడగకుండా జవాబు చెప్పేసింది.

నేను తుండు లాగేశాను. “ఆరు పట్టినాను నేను, ఈయన ఎంత పట్టినాడో చూడండి!” అని అరిచాను.

మండీలో అంతకు మించిన తప్పు లేదు. బేరం మధ్యలో గుడ్డ లాగినవాణ్ని కొట్టి పంపుతారు. అందుకే మూడు వందలమంది ఉన్న హాలు ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. అధ్యక్షుడి పిడికిట్లో నా నాలుగు వేళ్లు, నాడి మీద ఆయన బొటనవేలు, అందరికీ కనిపిస్తున్నాయి.

“నాలుగు!” అన్నారు వెనక నుంచి ఎవరో.

“ఆరుని నాలుక్కి కోసినాడబ్బా!”

“నాడి సూడు, నాడి ఎట్ల పట్టినాడో! లాయరంట, లాయరు!”

“ఏ మండీది సార్ మీది?”

ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆయన మామగారికి మండీ ఉందనీ, వకీలు పని మొదలుపెట్టక ముందూ, తర్వాతా ఆ గద్దె మీద బేరాలు చేసింది ఈయనేననీ ఆ సాయంత్రానికే ఊరంతా తెలిసిపోయింది. అప్పటికి మాత్రం ఆ చెయ్యి ఒక్కటే చెప్పింది. మండీ తెలిసినవాళ్లకు అది చాలు.

స్టెనో కలం పట్టుకుని కూర్చున్నాడు. “సార్, దీన్ని ఏమని రాసుకోమంటారు?”

“ఏమీ రాయొద్దు.”

“రాయాల” అంది చంద్రకాంతమ్మ కింద నుంచి. “అధ్యక్షుల వారి చెయ్యి ఆరు రూపాయల్ని నాలుగు చేసిందని రాయాల. ఆధారం అడిగినారు గదా సార్, మీ చేతిలోనే దొరికింది.”

“సభా మర్యాద తప్పినాడు ఈ మనిషి. బయటికి పంపండి!” అన్నాడు జయచంద్ర.

“పంపాల్సిన పని లేదు, నేనే పోతా” అన్నాను. “మీరు మాత్రం పాయసం తాగి పోండి. కాసినోళ్లు మీవాళ్లే.”

పేపరువాళ్లు ఉండబట్టి అంతటితో ముగించలేకపోయారు. కమిటీలో ఇంకో సభ్యుడు మైకు తీసుకుని, పద్నాలుగో క్లాజు మీద ఎవరైనా పది రోజుల్లోగా రాతపూర్వకంగా సాక్ష్యం పంపితే నివేదికలో చేరుస్తామని ప్రకటించాడు. మేము అన్నం తినకుండా బస్సెక్కాం. చిన్నబ్బ వేరే బస్సులో వచ్చాడు.

ఎనిమిదో రోజు పొద్దున టీచరమ్మ మా ఇంటికి వచ్చింది. ఆమె వెనక చిన్నబ్బ. వాకిలి బయట ఆగాడు.

“రాసిస్తానంటాండాడు” అంది ఆమె.

“రాసియ్యమను.”

“బావా,” అన్నాడు వాడు. “రాసిస్తే నాకు మండీలో బతుకు ఉండదు. అయినా రాసిస్తా. ఒకటి అడుగుతా. పోయినసారి అక్క సంవత్సరీకానికి నన్ను రానియ్యలేదు. ఈసారి రానియ్యి. ఒక ముద్ద తినిపో అను. అంతే.”

“ఆమె పేరు పెట్టి నా దగ్గర బేరం చెయ్యొద్దు.”

“బేరం కాదు బావా...”

“నీకు చేతనైంది అదొక్కటే. సంతకం పెడితే పెట్టు. లేకపోతే పో.”

టీచరమ్మ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. “తిరుమలయ్యా, కొంచెం తగ్గు. రెండ్రోజులే ఉండాయి. ఆ కాగితం లేకపోతే క్లాజు పోతాది. నాలుగేళ్లు తిరిగినాను నేను.”

“పోతే పోనీ టీచరమ్మా. వీడికి నా ఇంట్లో ఆకు వెయ్యను.”

“నీ ఒక్కడి కోపం కోసం నూట డెబ్భై మందిని ముంచుతావా?”

 ఆమె అన్నది నిజమే. నిజమని తెలిసినా నోరు రాలేదు. రానివ్వమని ఒక్క మాట అంటే చాలు, ఎవరికీ ఖర్చు లేదు. ఆ ఒక్క మాట నాలో లేదు. ఇప్పటికీ లేదు.

 చిన్నబ్బ టీచరమ్మ చేతిలోంచి కాగితం తీసుకుని, పశువుల తొట్టి గట్టు మీద పెట్టి రాయడం మొదలుపెట్టాడు. మూడో తరగతి చదువు. ఒక్కొక్క అక్షరం దిద్దినట్టు రాశాడు. ఆరుకు కుదిరిందనీ, చీటీలో నాలుగు రాశారనీ, తనకు ఇంత ఇచ్చారనీ. సంతకం దగ్గర ఆగాడు.

“ఆ రోజు అక్క అడిగింది బావా. లోడు దించినాక, ఎంతకి కుదిరిందిరా అని అడిగింది. నాలుగు అన్నాను. నువ్వు చెప్తే సరేలే అనింది.”

“ఆ మాట గూడా రాయి” అన్నాను.

వాడు తలెత్తి చూశాడు. కళ్లు తుడుచుకున్నాడు. రాశాడు. సంతకం పెట్టి కాగితం టీచరమ్మకు ఇచ్చాడు. నేను లోపలికి పోయి తలుపు వేసుకున్నాను. వాడు ఎప్పుడు పోయాడో తెలియదు.

చట్టం మరుసటి ఏడాది మామిడి కోతలకు ముందు వచ్చింది. టీచరమ్మ పుస్తకం తెచ్చి పద్నాలుగో క్లాజు చదివింది. ‘సరుకు ధరను వీలైనంత వరకు అందరికీ వినిపించునట్లు నోటితో పలుకవలెను.’ అంతే. శిక్ష లేదు. గుడ్డ మాట లేదు. వీలైనంత వరకు. ఈ రెండు ముక్కలు ఎవరు దూర్చారో పుస్తకంలో రాయలేదు. బాగా తెలిసిన చెయ్యే దూర్చింది.

“తీసేయలేదు గదా” అంది ఆమె.

“నడుం విరగ్గొట్టి వదిలినారు.”

“కాళ్లున్నాయి గదా తిరుమలయ్యా. నడిపిద్దాం.”

జూన్‌లో మండీ తెరిచారు. ఏకాంబరం ఆ క్లాజును రంగులతో బోర్డు మీద రాయించి గద్దె వెనక తగిలించాడు. ఆ బోర్డు కిందే తుండ్లు కప్పుకుని బేరాలు జరుగుతున్నాయి. నా సరుకు ఎవరూ ముట్టుకోలేదు. తుండు లాగినవాణ్ని కదా. నా కాయ ట్రాక్టరు మీదే రెండు రోజులుగా మగ్గుతోంది. వాసన మొదలైంది. అయినా అక్కడే కూర్చున్నాను.

మూడో రోజు సుబ్బులమ్మ వచ్చింది. టీచరమ్మ సంఘం మనిషి. భర్త లేడు, నాలుగెకరాల తోట. లోడు పక్కన నిలబడింది. ఎవరి చెయ్యీ అరువు తెచ్చుకోలేదు.

“చెయ్యి ఎవరిస్తారమ్మా?” అన్నాడు ఏకాంబరం తుండు దులుపుతూ.

“చెయ్యి లేదు. నోరుండాది. నా కాయ ఆరు రూపాయలు. నువ్వెంతకి కొంటావో చెప్పు.”

“ఇట్ల అరిస్తే ఎట్లమ్మా? గుట్టుగా...”

“నీ వెనకాల బోర్డు మీద నోటితో చెప్పాలని రాసుండాది.”

“వీలైనంత వరకు అని గూడా రాసుండాది. సదువుకో.”

“నాకు వీలైతాంది. నీకేం వచ్చె? గొంతులో గడ్డ లేసిందా?”

చుట్టుపక్కల బేరాలు ఆగాయి. తుండ్ల కింద చేతులు అట్లాగే నిలిచిపోయాయి. ఆమె కాయ ఆ రోజు మండీలో ఉన్నవాటిలోకెల్లా మేలైనది. ఫ్యాక్టరీ లారీ గేటు దగ్గర ఎదురుచూస్తోంది. ఏకాంబరానికి ఆ లోడు కావాలి. అతను నోరు తెరిచాడు. ముప్పై ఏళ్లు బేరాలు చేసిన మనిషి. నలుగురు వినేలా ఒక్కసారి కూడా ధర చెప్పి ఎరగడు. గొంతు సవరించుకున్నాడు. నీళ్లు అడిగి తాగాడు.

“ఐదు” అన్నాడు. గుసగుసలాగా వచ్చింది.

పక్క ట్రాక్టరు మీదినుంచి ఒక రైతు దూకాడు. చిత్తూరు సభలో ఏకాంబరానికి చప్పట్లు కొట్టినవాడే.

“ఐదా? గంట ముందు ఇదే కాయకి నాకు మూడున్నర వేసినావు గదరా మొదలాళీ!”

“నీ కాయ వేరప్పా...”

“ఏం వేరు? ఆమె తోటకీ నా తోటకీ మధ్యలో ఒక కంచె. అంతే!”

“మరి నాకు నాలుగే గదా పెట్టినావు?” అన్నాడు ఇంకొకడు.

“చీటీ తియ్, చీటీ! రాసింది ఎంతో చదువు!”

జనం గద్దె మీదికి తోసుకొచ్చారు. గుమాస్తా చీటీలు కుప్ప చేసి ఒళ్లో దాచుకున్నాడు. ఏకాంబరం జరీ తుండు ఎవరి చేతిలోకి పోయిందో తెలియదు. అతను జనం భుజాల మీదినుంచి నన్ను చూశాడు.

“తిరుమలయ్యా! పెద్దోడివి, నువ్వు చెప్పప్పా వీళ్లకి!”

“నేను చెప్పేదేముంది? నువ్వు చెప్పు. ఆమె ఇంకా అడుగుతానే ఉండాది.”

సుబ్బులమ్మ కదల్లేదు. రెండు చేతులూ కొంగు కింద దాచుకుని నిలబడి ఉంది.

“ఐదుకి ఇయ్యను” అంది. “ఆరు.”

“ఐదున్నర” అన్నాడు ఏకాంబరం.

“యాడికి వినపడింది? గట్టిగా చెప్పు. గేటు కాడ లారీ వాళ్లకి గూడా వినపడాల.”